గదిని మర్చిపోయిన కచేరీ

సంగీత చరిత్ర అనగానే మనకు పేర్ల వరస గుర్తొస్తుంది. ఫలానా వాగ్గేయకారుడు, ఆయన శిష్యపరంపర, ఆయన్ను పోషించిన రాజు. పాశ్చాత్య సంగీతం గురించి రాసేవాళ్లదీ ఇదే వరస. ఆ పాట ఏ గోడల మధ్య పుట్టింది, పైకప్పు ఎంత ఎత్తు, నేల రాయా చెక్కా, లోపల ఎంతమంది కూర్చునేవాళ్లు అని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే చాలా ముళ్లు వాటంతటవే విడిపోతాయి. మధ్యయుగపు మఠాల్లో కీర్తన ఎందుకంత నింపాదిగా సాగింది, హైడ్న్ అనే ఆస్ట్రియా స్వరకర్త సింఫనీల్లో (పెద్ద వాద్యబృందానికి రాసిన రచనల్లో) హఠాత్తుగా మౌనాలు ఎందుకొస్తాయి, మన కర్ణాటక గాయకులు అప్పటికప్పుడు అల్లే స్వరకల్పన కల్యాణమండపంలో ఎందుకు అలికేసినట్టు వినిపిస్తుంది, ఈ మూడింటికీ జవాబు ఒకచోటే ఉంది. సంగీతంలో సగం గదే రాస్తుంది. మైకు వచ్చాక ఆ సంగతి మర్చిపోయాం. ఇవాళ మన కచేరీలు వినడానికి కష్టంగా ఉన్నాయంటే కారణం గాయకులు కాదు, ఈ మతిమరుపే అని నా వాదన.

ముందు ఒక చిన్న లెక్క. మిగతా వ్యాసమంతా దాని మీదే నిలబడుతుంది.

గదిలో శబ్దం ఆపేశాక మోత కాసేపు ఉంటుంది. సౌండ్ వాళ్లు దాన్ని రివర్బ్ అంటారు. ఆ మోత 60 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలత) తగ్గడానికి, అంటే శక్తిలో పదిలక్షల్లో ఒక వంతుకు పడిపోవడానికి, పట్టే సమయమే ఆ గది రివర్బ్ కాలం. పెద్ద రాతి చర్చిలో అది 6 సెకన్లు అనుకుందాం. అరవైని ఆరుతో భాగిస్తే సెకనుకు 10 డెసిబెల్స్. గాయకుడు సెకనుకు రెండు స్వరాల చొప్పున పాడుతున్నాడనుకుంటే, రెండో స్వరం అందుకునేసరికి మొదటిది తగ్గింది 5 డెసిబెల్సే. అంటే అది ఇంకా స్పష్టంగా మోగుతూనే ఉంది. రెండు స్వరాలూ కలిసే వినిపిస్తాయి. అదే పాట 2 సెకన్ల హాల్లో పాడితే మొదటి స్వరం 15 డెసిబెల్స్ దిగిపోతుంది, 1 సెకను గదిలో 30 దిగిపోతుంది. స్వరం మారలేదు, గొంతు మారలేదు, వినిపించేది మాత్రం పూర్తిగా మారిపోయింది.

ఇక ఆ రాతి చర్చిలోకి వెళ్దాం. గ్రెగోరియన్ చాంట్ అని పిలిచే కీర్తనల తీరు చూడండి. ఒకే వరస, తోడు స్వరాలు లేవు. ఎక్కువగా పక్కపక్క స్వరాల మీదే నడక, పెద్ద దూకుళ్లు తక్కువ. మోడ్, అంటే రాగం లాంటి స్వరాల చట్రం, ఒకటే కాబట్టి గాల్లో ఇంకా వేలాడుతున్న పాత స్వరం కొత్త స్వరంతో పెద్దగా గొడవపడదు. సామ్, అంటే బైబిల్లోని కీర్తన, చదివేటప్పుడైతే మాటల్లో అధికభాగం ఒకే స్వరం మీద నిలబెట్టి చదువుతారు. ప్రతి చరణానికీ రెండు భాగాలు. మొదటి భాగం చివర చిన్న ముగింపు, ఒక విరామం, తర్వాత రెండో భాగం, చివరికి పూర్తి ముగింపు. సన్యాసులు రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చుని, చరణం తర్వాత చరణం మార్చి మార్చి పాడతారు.

ఆ మధ్య విరామం దగ్గర కాస్త ఆగాలి. అది ఊపిరి తీసుకోవడానికే అనుకుంటే పొరపాటు. మొదటి భాగం మోత గదిలో తగ్గేదాకా గాయకబృందం ఆగుతుంది. ఎంతసేపన్నది కట్టడాన్ని బట్టీ, ఆ మఠం సంప్రదాయాన్ని బట్టీ ఉంటుంది. పెద్ద చర్చిలో ఆ విరామం తగ్గించేస్తే రెండో భాగం మాటలు మొదటి భాగం తోక మీద పడి రెండూ పాడవుతాయి. తివాచీ పరిచిన స్టూడియోలో అదే విరామాన్ని అంతే పొడుగ్గా పాటిస్తే పాట తెగిపోయి, మాటమాటకీ ఆగి చదువుతున్నట్టు ఉంటుంది. ఇవాళ చాంట్ నేర్చుకునే బృందాలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. రికార్డు విని విరామం కొలుచుకుంటారు, తాము పాడే గదిని వినరు.

స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాల్ మఠంలో పదో శతాబ్దం నాటి రాతప్రతుల్లో ఒక విశేషం ఉంది. అప్పటి గుర్తులు స్వరం ఎంత ఎత్తో కచ్చితంగా చెప్పవు. గీతల మీద స్వరం రాసే పద్ధతిని గ్విడో అనే ఇటలీ సన్యాసి పదకొండో శతాబ్దంలో గాని స్థిరపరచలేదు. కానీ ఆ పాత ప్రతుల్లో గుర్తుల పక్కన చిన్న అక్షరాలు ఉంటాయి: ఇక్కడ త్వరగా, ఇక్కడ నిలుపు అని. స్వరం గురుముఖంగా వచ్చేస్తుంది, దాన్ని మళ్లీ రాయక్కర్లేదు. ఎక్కడ నిలపాలి, ఎక్కడ కదలాలి అన్నది మాత్రం రాసిపెట్టుకున్నారు. ఏది ముఖ్యమో వాళ్లకు తెలుసు.

పారిస్‌లో నోత్ర్ దామ్ అనే పెద్ద చర్చి కట్టడం 1163లో మొదలైంది. ఆ శతాబ్దం చివరికి అక్కడ పెరొటిన్ అనే స్వరకర్త నాలుగు గొంతుల రచనలు చేశాడు. కింద గొంతు పాత కీర్తనలోని ఒక్క స్వరాన్ని చాలాసేపు సాగదీసి పట్టుకుంటుంది. పై మూడు గొంతులూ దాని మీద మూడు మాత్రల నడకలో తిరుగుతాయి. కింద స్వరం మారేదాకా పైవాళ్లు ఏ మోత మిగిల్చినా అది ఆ ఆధారానికి చెందినదే. తంబురా మీద ఆలాపన విన్న చెవికి ఇది కొత్తేమీ కాదు. ఇంకో మాట: ఆ గాయకులు చర్చి నడవలోని జనం కోసం పాడలేదు. గాయకుల ఆవరణ అడ్డుగోడల మధ్య, చెక్క ఆసనాల మధ్య ఉండేది, పండగలకు తెరలు కూడా కట్టేవాళ్లు. కాబట్టి పెద్ద చర్చిలో పాడారు గనక అంతా పొగమంచులా వినిపించేది అనుకోవడం కూడా సరికాదు. పాడేవాళ్లకు దగ్గరగా ఒక చిన్న గది, దాని చుట్టూ ఒక పెద్ద గది.

వెనిస్ సంగతి త్వరగా చెప్పేస్తాను. అక్కడి సాన్ మార్కో చర్చిలో గాయకులనూ వాద్యకారులనూ వేరువేరు గ్యాలరీల్లో నిలబెట్టి ఒకరికొకరు బదులిచ్చేలా రాసేవాళ్లు. ఆ ఊరి స్వరకర్త జొవన్నీ గాబ్రియేలి 1597లో అచ్చువేయించిన సంపుటిలో మెల్లగా, గట్టిగా అని సూచనలు కనిపిస్తాయి. 30 మీటర్ల దూరం శబ్దానికి దాదాపు 90 మిల్లీసెకన్లు. ఆ ఎడంలో రెండు గుంపులు వేగంగా జంటగా వాయిస్తే గల్లంతే. అందుకే వంతులవారీగా పెద్ద పెద్ద ముక్కలు.

లీప్‌జిగ్‌లో సెయింట్ థామస్ చర్చిది ఇంకో కథ. లూథరన్లకు, అంటే ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖవాళ్లకు, ప్రసంగం ముఖ్యం, ప్రతి మాటా వినపడాలి. అందుకని లోపల చెక్క గ్యాలరీలు, కుటుంబాలకు పెట్టెల్లాంటి గదులు, తెరలు పెట్టారు. చెక్కా గుడ్డా జనమూ శబ్దాన్ని మింగుతాయి. ఆ మార్పులే మోతను తగ్గించాయనీ, జర్మన్ స్వరకర్త బాఖ్ అంత వేగంగా స్వరసంగతులు (కలిసి మోగే స్వరాల గుంపులు) మార్చగలిగింది అందుకేననీ హోప్ బాగెనాల్ అనే బ్రిటిష్ ధ్వనిశాస్త్రజ్ఞుడు వాదించాడు. నాకు ఈ వాదన సబబుగా తోస్తుంది. బాఖ్ 1723 నుంచి 1750లో పోయేదాకా ఆ ఊళ్లోనే ఉన్నాడు. ఏ గదిలో వినిపిస్తుందో తెలిసే రాశాడు.

హైడ్న్ లండన్ వచ్చింది 1791లో. హానోవర్ స్క్వేర్ రూమ్స్ అన్న హాలు సుమారు 24 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. జనం కిక్కిరిస్తే మోత సెకను దగ్గరికి వచ్చేస్తుంది. ఆయన 94వ సింఫనీని 1792 మార్చి 23న అక్కడే మొదటిసారి వినిపించారు. రెండో భాగంలో వయొలిన్లు మెల్లమెల్లగా వాయిస్తూ వాయిస్తూ ఉండగా వాద్యబృందమంతా ఒక్కసారి దెబ్బ వేస్తుంది. ఆ దెబ్బ పడాలంటే దాని ముందు నిజమైన నెమ్మది ఉండాలి, తర్వాత వెంటనే శుభ్రమైన నిశ్శబ్దం ఉండాలి. 6 సెకన్ల చర్చిలో ఆ దెబ్బ మోత తర్వాతి పది స్వరాలనూ తినేస్తుంది. గది పొడిగా ఉంది, అంటే మోత తక్కువ, కాబట్టే హైడ్న్ మౌనాన్ని కూడా స్వరంలా వాడుకోగలిగాడు. అదే సింఫనీని 2 సెకన్లు దాటిన పెద్ద హాల్లో, రెట్టింపు వాద్యకారులతో వాయించి, ఇందులో ఏముందని పెదవి విరిచేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

1870లో వియన్నాలో మూజిక్‌ఫెరైన్ హాలు వచ్చింది. దాదాపు 49 మీటర్ల పొడవు, 19 వెడల్పు, 18 ఎత్తు. నిండితే మోత 2 సెకన్లు. సన్నగా పొడుగ్గా ఉండటం దాని బలం, ఎందుకంటే పక్కగోడల నుంచి తిరిగొచ్చే శబ్దం చెవిని త్వరగా, రెండు వైపులనుంచీ చేరుతుంది. శ్రోతకు సంగీతం తన చుట్టూ ఉన్నట్టు అనిపించేది అందుకే. అయితే ఈ హాళ్లు కట్టినవాళ్లకు లెక్క తెలియదు. బాగున్నదాన్ని చూసి మళ్లీ అలాంటిదే కట్టేవాళ్లు, అంతే.

లెక్క చెప్పినవాడు వాలెస్ సాబిన్. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే కుర్రాడు. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరాన్ని బాగుచేయమని పని అప్పజెప్పారు. అందులో ఒక మాట మోత ఐదున్నర సెకన్లు ఉండేది. ఉపన్యాసకుడు పదిహేను మాటలు చెప్పేదాకా మొదటి మాట ఇంకా గదిలోనే తిరుగుతోంది. పరికరాలేమిటంటే ఒక ఆర్గన్ గొట్టం, కాలం నమోదు చేసే యంత్రం, తన చెవులు. ఊరు సద్దుమణిగాక, అర్ధరాత్రి దాటాక పనిచేసేవాడు. పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీ మెత్తలు మోయించి తెచ్చి, కొన్ని పెట్టి కొలిచాడు, ఇంకొన్ని పెట్టి కొలిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. అన్నీ పెట్టేశాక సెకనుకు కాస్త పైన ఆగింది. మళ్లీ తెల్లారేలోపు మెత్తలన్నీ వెనక్కి. ఏళ్ల తరబడి ఇదే పని.

1898లో ఆ అంకెల్లోని సూత్రం ఆయనకు తట్టింది. రివర్బ్ కాలం గది ఘనపరిమాణానికి అనులోమంగా, లోపలి శోషణకు విలోమంగా ఉంటుంది. మీటర్లలో చెప్పాలంటే 0.161ని ఘనపరిమాణంతో గుణించి, మొత్తం శోషణతో భాగించాలి. శోషణ అంటే ప్రతి ఉపరితలం విస్తీర్ణాన్నీ అది ఎంత వంతు శబ్దాన్ని మింగుతుందో ఆ సంఖ్యతో గుణించి అన్నీ కూడాలి. పూర్తిగా తెరిచిన కిటికీ 1. నున్నటి గ్రానైట్ 0.02 చుట్టుపక్కల. కూర్చున్న మనిషి ఒక్కరు సుమారు అర చదరపు మీటరు తెరిచిన కిటికీతో సమానం. బోస్టన్ సింఫనీ హాలును ఈ లెక్క ప్రకారమే కట్టారు, 1900 అక్టోబర్ 15న తెరిచారు. 2,600 మంది పట్టే ఆ హాలు నిండినప్పుడు 1.9 సెకన్లు. నూట పాతికేళ్ల తర్వాత కూడా ప్రపంచంలోని మేలైన హాళ్ల జాబితా ఎవరు వేసినా అది ఉంటుంది.

లెక్క తెలిసినా తప్పు జరగదని కాదు. న్యూయార్క్‌లో ఫిల్‌హార్మానిక్ హాలు 1962లో తెరిచారు. మొదటి నక్షా 2,400 సీట్లకు. సీట్లు పెంచాలని ఒత్తిడి వచ్చింది, గోడలు వంపులు తిరిగాయి, హాలు వెడల్పయింది. ఫలితం: కింది స్వరాలు పలచబడ్డాయి, వెనక నుంచి ప్రతిధ్వని, వేదిక మీద వాద్యకారులకు ఒకరిది ఒకరికి వినపడదు. 1976లో లోపలంతా పీకేసి మళ్లీ కట్టారు. అదీ చాలలేదు. 2022లో మరోసారి కట్టి, వేదికను దాదాపు 25 అడుగులు ముందుకు జరిపి, సీట్లు 2,200కి తగ్గించి తెరిచారు. అయిన ఖర్చు 55 కోట్ల డాలర్లు. కొన్ని వందల సీట్ల ఆశకు అరవై ఏళ్ల మూల్యం.

ఈలోగా సంగీతం గది దాటి మైదానంలోకి వెళ్లిపోయింది. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్‌ను చూడ్డానికి 55 వేల పైచిలుకు జనం వచ్చారు. వేదిక మీద 100 వాట్ల ఆంప్లిఫయర్లు, గొంతుకు స్టేడియంలో ప్రకటనలు చదివే స్పీకర్లు. వేదిక వైపు తిప్పిన మానిటర్ స్పీకర్లు లేవు. జనం అరుపుల్లో వాళ్లు వాయించేది వాళ్లకే వినపడలేదు. మరుసటి ఆగస్టు తర్వాత వాళ్లు పర్యటనలే మానేశారు. ఆ దెబ్బ నుంచే తర్వాతి దశాబ్దాల్లో నేటి సౌండ్ వ్యవస్థలు పుట్టుకొచ్చాయి. వరసగా వేలాడే స్పీకర్లు, మానిటర్లు, మైదానం మధ్యలో ఆలస్యం పెట్టిన టవర్లు. వేదికకు 60 మీటర్ల దూరంలో టవర్ పెడితే దానికి 175 మిల్లీసెకన్లు ఆలస్యం ఇచ్చి, పైన ఇంకో పది పదిహేను కలపాలి. వేదిక శబ్దం ముందు చేరితే చెవి అటువైపు నుంచే వస్తోందని నమ్ముతుంది. మన ఎండల్లో 35 డిగ్రీల దగ్గర శబ్దం ఇంకాస్త వేగంగా, సెకనుకు 352 మీటర్లు వెళ్తుంది కాబట్టి ఆ 175ని 170కి దించాలి. సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ సరిచూసుకోవాలి. ఇదంతా గొప్ప విద్య, నాకు దాని మీద గౌరవం ఉంది. నా పేచీ ఆ విద్యను అవసరం లేని చోట, సగం సగం తెలిసి వాడటంతోనే.

ఇక మన దగ్గరికి వస్తాను.

కర్ణాటక సంగీతానికి ఎలాంటి గది కావాలి? సెకనుకు ఎనిమిది స్వరాల స్వరకల్పన తీసుకోండి. 2 సెకన్ల హాల్లో స్వరానికీ స్వరానికీ మధ్య మోత తగ్గేది 4 డెసిబెల్స్ లోపే. అంటే సరిగమలన్నీ ఒకదానిమీద ఒకటి. 0.8 సెకన్ల గదిలో తొమ్మిది దాకా తగ్గుతుంది, ప్రతి స్వరం విడిగా నిలబడుతుంది. గమకం ఇంకా సున్నితం. తోడిలో గాంధారం ఊగేది రిషభానికీ మధ్యమానికీ మధ్య. మోత ఎక్కువున్న తడి గదిలో ఆ ఊపు రెండు కొసలూ ఒకేసారి మోగి మధ్యలో ముద్దయిపోతుంది. కాబట్టి ఈ సంగీతం పొడి గదిలో పుట్టింది, పొడి గదినే కోరుతుంది. పెంకుటింటి వసారా, దగ్గరగా పది ఇరవై మంది, లేదా పక్కలు తెరిచి ఉన్న రాతి మండపం. మండపంలో పైన రాయి ఉన్నా శబ్దం పక్కల నుంచి బయటికి పోతుంది, మోత నిలవదు. త్యాగరాజస్వామి తిరువయ్యారులో తెలుగు కీర్తనలు పాడుకున్నది ఇంట్లో, ఉంఛవృత్తికి వెళ్లే వీధుల్లో.

పొడి గదిలో ఒక లోటు ఉంటుంది. గొంతు ఆగగానే వెలితి, ఆసరా ఉండదు. యూరప్‌లో ఆ ఆసరా రాతిగోడలు ఇచ్చాయి. మనకు తంబురా ఇచ్చింది. మోత కావాలి, కానీ మాటనూ గమకాన్నీ చెరపకూడదు. అలాంటి మోత షడ్జపంచమాలదే. కర్ణాటక సంగీతం తన గదిని తన వెంటే తెచ్చుకుంది. ఇది నా సొంత ఊహే, కానీ ఎంత ఆలోచించినా దీన్ని కాదనే కారణం నాకు కనిపించలేదు. అందుకే మిక్సర్ మీద రివర్బ్ మీట పెంచి గాయకుడి గొంతుకు గుడి గంట వేసే అలవాటును నేను ఒప్పుకోలేను. తంబురా ఉన్నచోట ఆ మీటకు పని లేదు. ఉన్న హాలు మోతకు మరో మోత అతికించడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పద్యనాటకానిది ఇంకో దారి. మైకు లేని పందిరి, వెనక వరసలో నేల టిక్కెట్టు జనం, ఆసరా ఇచ్చే గోడ లేదు. అందుకే పద్యం నాలుగు శ్రుతి, ఐదు శ్రుతిలో ఎత్తేవాళ్లు, హార్మోనియం తోడుండేది, చివరి పాదం మీద రాగం సాగేది. మనిషి చెవికి రెండు మూడు వేల హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర సున్నితత్వం ఎక్కువ. గట్టిగా, బిగువుగా ఎత్తిన గొంతులో శక్తి అక్కడే పోగవుతుంది. ఒపెరా గాయకులు వాద్యబృందాన్ని దాటి వినిపించేదీ ఆ కిటుకుతోనే. మైకు వచ్చాక ఆ అవసరం పోయింది, శ్రుతి దిగింది. దాన్ని నేను నష్టమనను. మెత్తటి గొంతులకు, వీణకు, మంద్రస్థాయి ఆలాపనకు వెయ్యిమంది ముందు చోటు దొరికింది మైకు వల్లే. కానీ దాంతోపాటు గది ఎలా ఉన్నా ఫర్వాలేదన్న ధీమా కూడా వచ్చిపడింది.

ఫర్వాలేదా? లెక్క వేద్దాం. 25 మీటర్ల పొడవు, 15 వెడల్పు, 5 ఎత్తున్న ఫంక్షన్ హాలు. ఘనపరిమాణం 1,875. నేల గ్రానైట్, గోడలకు పుట్టీ పెయింటు, పైన స్లాబు. నేల, కప్పు, గోడలు కలిపి 1,150 చదరపు మీటర్లు. తలుపులూ కిటికీలూ కలుపుకుని సగటు శోషణ 0.04 అనుకుంటే మొత్తం 46. మోత ఆరున్నర సెకన్లు! అంటే మనం కట్టుకున్నది రాతి చర్చి. ప్లాస్టిక్ కుర్చీల్లో 300 మంది కూర్చుంటే మనిషికి 0.45 చొప్పున 135 కలుస్తుంది, మోత 1.7కి దిగుతుంది. వంద మందే వస్తే 3.3. మధ్యాహ్నం ఖాళీ హాల్లో సౌండ్ చెక్ చేసి, సాయంత్రం జనం వచ్చాక అన్నీ మారిపోయాయేమిటని ఆపరేటర్ కంగారుపడేది ఇందుకే. కచేరీ మొదట్లో పల్చగా ఉన్నప్పుడు గింగురుమన్న హాలు మధ్యలో తేటపడేదీ ఇందుకే.

ఇప్పుడు ఆ హాల్లో 100 చదరపు మీటర్ల గోడకు 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ పలకలు, మీద గుడ్డ తొడిగి, బిగిస్తే? 0.8 శోషణ చొప్పున 80, అందులో ఆ గోడ ఇదివరకటి 4 పోను, అదనంగా 76 వస్తుంది. 300 మందితో 1.2, వంద మందితో 1.8. జనం తగ్గినా హాలు పెద్దగా మారదు, అదే అసలు లాభం. పలకలు ముందు వెనకగోడకు పెట్టాలి. ఎందుకంటే స్పీకర్ శబ్దం 25 మీటర్లు వెళ్లి తిరిగొస్తే దాదాపు 146 మిల్లీసెకన్లు. గాయకుడికి తన మాటే వెనక నుంచి విడిగా వినపడి లయ లాగేస్తుంది. తర్వాత పక్కగోడల వెనక సగానికి. వేదిక దగ్గరి గోడలూ మధ్య కప్పూ గట్టిగానే ఉంచాలి. 50 మిల్లీసెకన్లలోపు తిరిగొచ్చే శబ్దం మాటకు బలమే ఇస్తుంది. పలకకూ గోడకూ మధ్య ఇంకో 50 మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే కింది స్వరాల మీద పనితనం పెరుగుతుంది.

గుడ్లట్రేలు అంటించడం వల్ల ఉపయోగం లేదు. థర్మోకోల్ డెకరేషన్ అసలు శబ్దాన్ని మింగదు, దానిలో గాలి చొరబడదు కదా. చవక ఫోమ్ అంటుకుంటే ప్రాణాల మీదికొస్తుంది, దాని జోలికి పోవద్దు. సన్నటి కర్టెన్లూ జంపఖానాలూ పై స్వరాలను తింటాయి, మృదంగం తొప్పి (ఎడమ మూత) మోతను ముట్టుకోవు. 100 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు మూడున్నర మీటర్లు. దాన్ని మెత్తటి సరుకుతో పట్టాలంటే ఆ పొడవులో నాలుగోవంతు, అంటే 86 సెంటీమీటర్లు కావాలి. అందుకే తివాచీ ఒక్కటే పరిచిన హాల్లో గొంతు మసకబారి, తొప్పి మాత్రం గుమ్ముమంటుంది. వెనక ఖాళీ ఉన్న జిప్సమ్ ఫాల్స్ సీలింగ్ ఆ కింది స్వరాలను కొంత మింగుతుంది. ఎలాగూ వేయిస్తున్నారు కాబట్టి ఖాళీ ఉంచి వేయించండి.

మీ హాలు ఎంతో తెలుసుకోవడానికి ఖర్చు అక్కర్లేదు. ఫ్యాన్లూ ఏసీ ఆపేసి, వేదిక మీద పెద్ద బెలూన్ పగలగొట్టి, హాలు మధ్యలో ఫోన్‌తో రికార్డు చేయండి. కంప్యూటర్లో తెరిచి, శబ్దం శిఖరం నుంచి 5 డెసిబెల్స్ దిగిన చోటు నుంచి 35 దిగిన చోటు దాకా ఎంత సమయమో చూసి రెట్టింపు చేయండి. మొత్తం 60 ఎందుకు కొలవకూడదంటే చివరికొచ్చేసరికి బయటి రోడ్డు చప్పుడు కలిసిపోతుంది.

మైకుల సంగతి. గాత్రం, వయొలిన్, మృదంగానికి రెండు, ఘటం, మోర్సింగ్, తంబురా పెట్టె. ఏడెనిమిది మైకులు తెరిచి ఉంటాయి. తెరిచిన మైకులు రెట్టింపయిన ప్రతిసారీ కూత రాకుండా పెంచగలిగే మోతాదు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒకటి నుంచి ఎనిమిదికి వెళ్తే 9 పోయినట్టే. ఆ 9 తిరిగి తెచ్చుకునే ముఖ్యమైన దారులు రెండు. అవసరం లేని మైకు తీసేయడం, ఉన్న మైకును దగ్గరగా జరపడం. గాయకుడి నోటికి 30 సెంటీమీటర్ల నుంచి 15కి తెస్తే 6 వస్తుంది. దగ్గర చేసినకొద్దీ ఒక దిక్కు శబ్దాన్నే ఎక్కువగా అందుకునే మైకులో కింది స్వరాలు ఉబ్బుతాయి కాబట్టి గాత్రం చానెల్లో 100 హెర్ట్జ్ కింద కోసేయాలి. మృదంగం చానెల్లో కోయకూడదు, అక్కడ తొప్పి ఉంది. 300 మంది హాల్లో మృదంగానికి అసలు స్పీకర్ అవసరమే తక్కువ. దాన్ని గట్టిగా పెట్టి, గొంతు వినపడలేదని గొంతు పెంచి, గాయకుడు మానిటర్ పెంచమని, మృదంగం ఆయన తన మానిటర్ పెంచమని, చివరికి అందరూ అరుచుకునే దాకా వెళ్లే పద్ధతి ఏ కచేరీలో చూసినా ఒకటే. ఆ మానిటర్ల శబ్దమే మళ్లీ మైకుల్లోకి దూరి కూత పెడుతుంది. స్పీకర్ బాక్సులు నేల మీద పెడితే ముందు వరస చెవులు పగులుతాయి, వెనక వరసకు తలలే అడ్డం. మనిషి తలకు పైన ఎత్తి, చివరి వరస వైపు కాస్త వంచాలి.

అమెరికాలో తెలుగు సంఘాలు కార్యక్రమానికి స్కూలు తీసుకునేటప్పుడు భోజనాలకు వీలుగా ఉంటుందని జిమ్ అడుగుతుంటాయి. జిమ్‌లో భోజనం పెట్టుకోండి, పాట మాత్రం ఆడిటోరియంలో పెట్టండి. నాటకాలకని కట్టిన ఆడిటోరియం సాధారణంగా పొడిగానే ఉంటుంది, అన్నమయ్య మాట అక్కడ మాటగా వినిపిస్తుంది.

మన ఊళ్లలో కొత్తగా కళాభవనం కడుతున్నప్పుడల్లా సీట్లెన్ని, ఏసీ ఎన్ని టన్నులు, పార్కింగ్ ఎంత అని అడుగుతారు. మోత ఎన్ని సెకన్లు అని టెండర్ కాగితంలో ఒక్క గీత రాయించండి: నిండిన హాల్లో 500, 1,000 హెర్ట్జ్ దగ్గర 1 నుంచి 1.3 సెకన్లు, అప్పగించే ముందు కొలిచి చూపించాలి అని. కొలత తప్పితే చివరి బిల్లు ఆపే హక్కు కూడా అందులోనే ఉండాలి. అలాంటి హాల్లో నూట యాభై మందిని వేదికకు దగ్గరగా కూర్చోబెట్టి, ఒక వీణ కచేరీ మైకు లేకుండా పెట్టి చూడండి. ఏసీ హోరు తగ్గించడం మర్చిపోవద్దు, వీణ నాదం కన్నా అది గట్టిగా ఉంటే మిగతా ఖర్చంతా వృథా.